ఒక్క యూనిట్ దాటితే రూ.207 ఎందుకు పెరుగుతుంది? రోజువారీ లెక్కల్లో ప్రమేయాలను గుర్తుపట్టడం ఎలా?

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్ ఉక్కు నగరం శివార్లలో హథ్‌ఖోజ్ భారీ పారిశ్రామిక వాడ ఉంది. ఫ్యాబ్రికేషన్ షెడ్లు, ఫౌండ్రీలు, ఇంజినీరింగ్ యూనిట్లు ఉండే ఇలాంటి వాడలో ఒకే తరహా ప్రశ్న రోజుకు పదిసార్లు వినిపిస్తుంది: ఇది ఇంత ఉంటే, అది ఎంత అవుతుంది? ఈ రాడ్డు ఎన్ని కిలోలు తూగుతుంది? ఇన్ని గంటలు పనిచేస్తే చేతికి ఎంత వస్తుంది? ఇన్ని యూనిట్లు కాలితే బిల్లు ఎంత? అప్పు ఇంకో ఏడాది ఆగితే ఎంతకు చేరుతుంది?

గణితంలో ఇలాంటి సంబంధానికి ప్రమేయం అని పేరు. తెలుగు రాష్ట్రాల్లో ఇంటర్ మొదటి ఏడాది గణితం 1ఏ పుస్తకం ఏళ్లపాటు ఈ అధ్యాయంతోనే మొదలయ్యేది. భిలాయ్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు ఇదే పాఠం హిందీలో 'ఫలన్'గానో, ఇంగ్లిష్‌లో 'ఫంక్షన్'గానో ఎదురవుతుంది.

పరీక్ష అయిపోయాక చాలామంది ఆ మాటను మర్చిపోతారు. ప్రమేయం మాత్రం జీతం చీటీలో, కరెంటు బిల్లులో, అప్పు పత్రంలో ఉంటూనే ఉంటుంది. చిక్కల్లా ఒక్కటే. లెక్క ఏదైనా మనిషి బుర్ర ముందుగా త్రైరాశికం మీదకే పోతుంది. ఒకటి రెట్టింపైతే రెండోదీ రెట్టింపవుతుందని అనుకుంటుంది. చాలా చోట్ల అది నిజం కాదు. తేడా గమనించకపోతే డబ్బు పోతుంది, కొన్నిసార్లు ఆరోగ్యమూ పోతుంది.

ప్రమేయం అంటే ఏమిటి?

ఒక విలువ ఇస్తే, ఒక నియమం ప్రకారం కచ్చితంగా ఒకే ఒక్క విలువ తిరిగి వచ్చే సంబంధమే ప్రమేయం. లోపలికి ఇవ్వదగిన విలువల సమితిని ప్రదేశం అంటారు, బయటికి వచ్చే విలువల సమితిని వ్యాప్తి అంటారు.

'ఒకే ఒక్క విలువ' అన్నదే ఇక్కడ కీలకం. రేషన్ కార్డు నంబరు చెబితే కుటుంబం ఏదో తెలుస్తుంది, కాబట్టి అది ప్రమేయం. అదే నంబరు చెప్పి 'కార్డులో ఉన్న మనిషి ఎవరు?' అని అడిగితే నలుగురైదుగురి పేర్లు వస్తాయి. అది ప్రమేయం కాదు. చిరునామా నుంచి పిన్‌కోడ్‌కు వెళ్తే ఒకే జవాబు. పిన్‌కోడ్ నుంచి చిరునామాకు వెళ్తే వేల జవాబులు.

17వ శతాబ్దంలో లైబ్నిజ్ 'ఫంక్షన్' అనే మాటను గణితంలోకి తెచ్చారు. 18వ శతాబ్దంలో ఆయిలర్ దృష్టిలో ప్రమేయమంటే ప్రధానంగా ఒక సూత్రం. 19వ శతాబ్దంలో డిరిక్లే అందించిన అవగాహన మరింత విశాలమైనది. సూత్రం ఉండాలన్న నిబంధన లేదు, ప్రతి విలువకూ ఒక నిర్దిష్టమైన జవాబు ఉంటే చాలు. రోజువారీ జీవితానికి పనికొచ్చేది ఈ రెండో అర్థమే. ఎందుకంటే కరెంటు బిల్లును ఒక్క సూత్రంలో రాయలేం, అయినా అది ప్రమేయమే.

సరళరేఖ: రైలు పట్టా

అన్నిటికంటే తేలికైనది రేఖీయ ప్రమేయం. భిలాయ్ ఉక్కు కర్మాగారం 260 మీటర్ల పొడవైన రైలు పట్టాలను సరఫరా చేస్తుంది. పట్టా మీటరుకు సుమారు 60 కిలోలు తూగితే, 260 మీటర్లకు 15.6 టన్నులు. పొడవు సగమైతే బరువూ సగమే. గ్రాఫ్ గీస్తే సరళరేఖ వస్తుంది.

వేడికి ఉక్కు సాగడం కూడా మామూలు వాతావరణ ఉష్ణోగ్రతల్లో దాదాపు రేఖీయమే. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే ఉక్కు మీటరుకు సుమారు 0.012 మిల్లీమీటర్లు సాగుతుంది. 13 మీటర్ల పట్టా 10 డిగ్రీలకు ఒకటిన్నర మిల్లీమీటర్లు సాగితే, 260 మీటర్ల పట్టా 31 మిల్లీమీటర్లు సాగుతుంది. పట్టాను స్లీపర్లకు గట్టిగా బిగించినప్పుడు అది స్వేచ్ఛగా సాగలేదు. ఆ మేరకు లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఎండాకాలంలో పట్టాలు వంకర తిరిగే ప్రమాదం అందుకే ఉంటుంది.

వర్గం: రాడ్డు బరువు

ఇల్లు కట్టే ప్రతి ఒక్కరికీ అవసరమైన లెక్క ఇది. మేస్త్రీలు, స్టీలు దుకాణదారులు వాడే సూత్రం: మీటరు రాడ్డు బరువు (కిలోల్లో) = వ్యాసం × వ్యాసం ÷ 162. వ్యాసం మిల్లీమీటర్లలో ఉండాలి. ఈ 162 ఎక్కడిదో కాదు. ఘన మీటరు ఉక్కు బరువు 7,850 కిలోలు, వృత్తం వైశాల్యం, యూనిట్ల మార్పిడి అన్నీ కలిపితే ఆ సంఖ్య వస్తుంది.

దీని ప్రకారం 8 మి.మీ. రాడ్డు మీటరుకు 0.395 కిలోలు, 12 మి.మీ. రాడ్డు 0.889 కిలోలు, 16 మి.మీ. రాడ్డు 1.58 కిలోలు తూగుతాయి. 8 నుంచి 16కు వ్యాసం రెట్టింపైంది. బరువు మాత్రం నాలుగు రెట్లైంది. ఇది వర్గ ప్రమేయం.

నష్టం ఎక్కడ జరుగుతుందో చూడండి. 8 మి.మీ. అని కొన్న రాడ్డు నిజానికి 7.5 మి.మీ. ఉంటే, 'అర మిల్లీమీటరే కదా' అనిపిస్తుంది. వ్యాసంలో తగ్గింది 6 శాతమే. బరువులో, అంటే ఉక్కు పరిమాణంలో, తగ్గేది 12 శాతం. రాడ్డును సంఖ్య లెక్కన కొంటే ఆ 12 శాతం డబ్బు పోయినట్టే. తూకం లెక్కన కొంటే డబ్బు పోదు, కానీ స్లాబులో పడాల్సిన బలం దాదాపు అంతే మేర తగ్గుతుంది. టీఎంటీ రాడ్ల భారతీయ ప్రమాణం ఐఎస్ 1786 బరువులో కొంత హెచ్చుతగ్గును అనుమతిస్తుంది. 10 మి.మీ. వరకు 7 శాతం, అక్కడి నుంచి 16 మి.మీ. వరకు 5 శాతం, ఆపైన 3 శాతం. 12 శాతం తేడా ఆ హద్దు దాటినట్టే.

మలుపు: ఓవర్‌టైమ్, ఆదాయపు పన్ను

కొన్ని ప్రమేయాలు సరళరేఖలాగే మొదలై, ఒక చోట వాలు మారుస్తాయి. గ్రాఫ్ తెగిపోదు, మోచేయిలా వంగుతుంది.

1948 ఫ్యాక్టరీల చట్టం 59వ సెక్షన్ ప్రకారం రోజుకు 9 గంటలు లేదా వారానికి 48 గంటలు దాటి చేసిన పనికి మామూలు రేటుకు రెట్టింపు చెల్లించాల్సి ఉండేది. 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లోనూ ఈ రెట్టింపు సూత్రం ఉంది. ఉదాహరణకు ఆ పాత చట్టం లెక్కన చూస్తూ, గంటకు 60 రూపాయలనుకుందాం. 9 గంటలకు 540 రూపాయలు వస్తాయి. 12 గంటలు చేస్తే చివరి 3 గంటలకు గంటకు 120 చొప్పున కలిపి 900 రావాలి. యజమాని ఒకే వాలుతో లెక్కగడితే 720 మాత్రమే వస్తుంది. జీతం చీటీలో మోచేయి కనిపించకపోతే రోజుకు 180 రూపాయలు తగ్గినట్టు.

ఆదాయపు పన్నుదీ ఇదే ఆకారం. 'జీతం పెరిగి పై స్లాబులోకి వెళ్తే మొత్తం ఆదాయం మీద ఎక్కువ పన్ను పడుతుంది' అని చాలామంది భయపడతారు. అది అపోహ. పై స్లాబు రేటు ఆ స్లాబులోకి వచ్చిన మొత్తానికే వర్తిస్తుంది. 2025-26 కొత్త విధానంలో 4 లక్షల వరకు పన్ను లేదు, 4 నుంచి 8 లక్షల వరకు 5 శాతం, 8 నుంచి 12 లక్షల వరకు 10 శాతం. ఆ లెక్కన 12 లక్షలకు పన్ను 60,000 రూపాయలు. రిబేటు వల్ల అది సున్నా అవుతుంది.

ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. పన్ను విధించే ఆదాయం 12 లక్షల 10 వేలైతే రిబేటు పోయి, పన్ను ఒక్కసారిగా 61,500 రూపాయలకు ఎగబాకాలి. పది వేలు ఎక్కువ సంపాదించినందుకు అరవై వేలకు పైగా కట్టాలన్నమాట. దీన్ని నివారించడానికే చట్టంలో 'మార్జినల్ రిలీఫ్' ఉంది. 12 లక్షలు దాటిన మొత్తం కంటే పన్ను ఎక్కువ కాకుండా అది ఆపుతుంది. కాబట్టి ఆ వ్యక్తి కట్టేది సెస్సు కాకుండా 10,000 రూపాయలు. గణిత భాషలో, తెగిపోయిన గ్రాఫ్‌ను చట్టం అతికించింది.

గెంతు: కరెంటు బిల్లు

అలా అతికించకుండా వదిలేస్తే ఏమవుతుందో తెలంగాణ గృహ విద్యుత్ బిల్లు చూపిస్తుంది. 2022-23లో ఖరారైన రేట్ల ప్రకారం వినియోగదారులను నెల వాడకాన్ని బట్టి మూడు గ్రూపులుగా విడదీశారు. నెలకు 101 నుంచి 200 యూనిట్లు వాడేవారికి మొదటి వంద యూనిట్లు రూ.3.40, తర్వాతివి రూ.4.80 చొప్పున. 200 దాటితే గ్రూపే మారుతుంది. మొదటి 200 యూనిట్లకు రూ.5.10, 201 నుంచి రూ.7.70.

లెక్క చేస్తే 200 యూనిట్లకు విద్యుత్ చార్జీ రూ.820. 201 యూనిట్లకు రూ.1,027.70. ఆ ఒక్క యూనిట్ ఖరీదు రూ.207.70. స్థిర చార్జీలు, సుంకం దీనికి అదనం. 100 నుంచి 101కి వెళ్లినప్పుడూ ఇలాంటి గెంతే ఉంది. 252.50 నుంచి 344.80కి.

ఆంధ్రప్రదేశ్‌లో 2022లో గ్రూపులు తీసేసి, అందరికీ ఒకే టెలిస్కోపిక్ పద్ధతి పెట్టారు. మొదటి 30 యూనిట్లు రూ.1.90, 75 వరకు రూ.3, 125 వరకు రూ.4.50, 225 వరకు రూ.6. ఈ రేట్లతో 200 యూనిట్లకు రూ.867 అయితే, 201కి రూ.873. పెరిగింది ఆరు రూపాయలే. అంటే ఆంధ్రప్రదేశ్ బిల్లు అవిచ్ఛిన్న ప్రమేయం, వంగుతుంది గానీ తెగదు. తెలంగాణ బిల్లు విచ్ఛిన్న ప్రమేయం. 200 యూనిట్ల వద్ద తెలంగాణలో చార్జీ తక్కువే ఉందన్నదీ గమనించాలి. ఆకారం వేరు, మొత్తం వేరు. రెండూ చూడాలి.

2024లో మొదలైన గృహజ్యోతి పథకంతో తెలంగాణలో ఆ గెంతు ఇంకా పెద్దదైంది. అర్హత ఉన్న కుటుంబానికి 200 యూనిట్ల వరకు బిల్లు సున్నా. ఒక్క యూనిట్ దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాలి. నెలాఖరులో మీటరు వైపు చూసే ఇంటికి ఇది పాఠ్యపుస్తకంలోని అవిచ్ఛిన్నత కాదు, వెయ్యి రూపాయలకు పైబడిన సంగతి.

హథ్‌ఖోజ్ ఉన్న ఛత్తీస్‌గఢ్‌లో 2019 మార్చి నుంచి అమలైన సగం బిల్లు పథకం మరో ఆకారంలో మొదలైంది. నెలకు 400 యూనిట్ల వరకు సగం ధర, ఆపైన వాడిన యూనిట్లకే పూర్తి ధర. హద్దు దాటినా మొదటి 400 మీద రాయితీ పోదు కాబట్టి గెంతు లేదు, మలుపు మాత్రమే. 2025లో ఆ పరిమితిని తగ్గించారు. ఇలాంటి ఏ పథకం ప్రకటించినా అడగాల్సిన ప్రశ్న 'పరిమితి ఎంత?' ఒక్కటే కాదు. 'దాటినవారు మొత్తం రాయితీ కోల్పోతారా, దాటిన మేరకేనా?' అన్నది అంతకంటే ముఖ్యం.

చదును: పింఛను

కొన్ని ప్రమేయాలు కొంతవరకు పెరిగి ఆగిపోతాయి. ఉద్యోగుల పింఛను పథకం, అంటే ఈపీఎస్, అలాంటిదే. 2014 సెప్టెంబరు నుంచి జీత పరిమితి 15,000 రూపాయలు. నెల పింఛను = పింఛనుకు లెక్కించే జీతం × సర్వీసు సంవత్సరాలు ÷ 70. ఇది రెండు చలరాశుల ప్రమేయం.

15,000 జీతంతో 35 ఏళ్లు పనిచేస్తే 7,500 రూపాయలు వస్తుంది. అసలు జీతం 40,000 ఉన్నా, అధిక పింఛను ఐచ్ఛికం తీసుకోకపోతే అదే 7,500. గ్రాఫ్ 15,000 దగ్గర చదునైపోతుంది. అక్కడి నుంచి జీతం పెరిగినా పింఛను పెరగదు, సర్వీసు పెరిగితేనే పెరుగుతుంది. మధ్యలో ఉద్యోగం మారినప్పుడు పాత సర్వీసును కలుపుకోకపోతే నష్టం ఎంతో ఈ సూత్రమే చెబుతుంది.

చక్రవడ్డీ: మొదట కనిపించని తేడా

నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ మీద 50,000 అప్పు తీసుకున్నారనుకుందాం. బారువడ్డీ అయితే నెలకు వెయ్యి చొప్పున పెరుగుతుంది. సరళరేఖ. అదే రేటుతో నెలనెలా వడ్డీని అసలులో కలిపితే చక్రవడ్డీ. ప్రతి నెలా బాకీ 1.02 రెట్లవుతుంది. ఇది ఘాత ప్రమేయం.

ఏడాది తర్వాత బారువడ్డీతో బాకీ 62,000, చక్రవడ్డీతో సుమారు 63,400. తేడా 1,400 రూపాయలే కాబట్టి రెండూ ఒకటేననిపిస్తుంది. ఐదేళ్లకు మొదటిది 1,10,000, రెండోది సుమారు 1,64,000. తేడా 54,000, అసలు కంటే ఎక్కువ. ఘాత ప్రమేయం మొదట్లో సరళరేఖలాగే కనిపిస్తుంది. అప్పు పత్రంలో 'వడ్డీ అసలులో కలుస్తుందా?' అన్న ఒక్క మాట చదవాల్సింది అందుకే.

శబ్దం: అంకె కొద్దిగా పెరిగితే గంటలు సగం

గ్రైండింగ్, ప్రెస్ పనులు జరిగే షెడ్లలో అన్నిటికంటే తప్పుగా అర్థమయ్యే కొలత డెసిబెల్. 90 నుంచి 100కు వెళ్తే శబ్దం పదో వంతు పెరిగిందనిపిస్తుంది. డెసిబెల్ సంవర్గమాన కొలమానం. మూడు డెసిబెల్స్ పెరిగితే శబ్ద శక్తి దాదాపు రెట్టింపు, పది పెరిగితే పది రెట్లు. 90 డెసిబెల్స్ గ్రైండర్లు రెండు ఒకేచోట నడిస్తే శబ్దం 180 కాదు, 93.

దీనికి తగ్గట్టే అనుమతించే సమయం వేగంగా పడిపోతుంది. భారత ఫ్యాక్టరీల నమూనా నిబంధనల పట్టికలో 90 డెసిబెల్స్ దగ్గర రోజుకు 8 గంటలు, 95 దగ్గర 4, 100 దగ్గర 2, 105 దగ్గర 1, 110 దగ్గర అరగంట. ప్రతి ఐదు డెసిబెల్స్‌కు సమయం సగమవుతుంది. అమెరికా పరిశోధన సంస్థ నియోష్ ఇంకా కఠినంగా ఉంటుంది. 85 దగ్గర 8 గంటలు, ఆపైన ప్రతి మూడు డెసిబెల్స్‌కు సగం. ఆ లెక్కన 100 డెసిబెల్స్ దగ్గర పావుగంటే. చెవి పోయాక తిరిగి రాదు కాబట్టి ఈ గ్రాఫ్ ఆకారం కార్మికుడికీ, సూపర్‌వైజర్‌కీ తెలియాలి.

సగం సగంగా తగ్గడం టీ గ్లాసులోనూ కనిపిస్తుంది. గది వేడి 35 డిగ్రీలు, టీ 85 డిగ్రీలు ఉండి, 15 నిమిషాల్లో 60కి చల్లారితే, మరో 15 నిమిషాలకు 35కి రాదు. సుమారు 47.5కి వస్తుంది. సగమయ్యేది టీకి, గదికి మధ్య ఉన్న తేడా. ఎర్రగా కాలిన ఉక్కుకు మాత్రం ఈ న్యూటన్ నియమం సరిపోదు. అంత వేడి దగ్గర వికిరణం ప్రధానమవుతుంది. అది కెల్విన్ ఉష్ణోగ్రత నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుంది, అందుకే మొదట్లో చాలా వేగంగా చల్లారుతుంది. ప్రతి సూత్రానికీ తన ప్రదేశం ఉంటుంది. దాని బయట అది పనిచేయదు.

జవాబు నుంచి ప్రశ్నకు వెళ్లగలమా?

కొన్ని ప్రమేయాలను తిప్పి వాడుకోవచ్చు. దాన్ని విలోమ ప్రమేయం అంటారు. 12 మి.మీ. అని కొన్న రాడ్డు నిజంగా 12 ఉందా అని చూడటానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. సరిగ్గా మీటరు ముక్కను తూచి, బరువును 162తో గుణించి, వర్గమూలం తీస్తే చాలు. 0.8 కిలోలు తూగితే వ్యాసం 11.4 మి.మీ. చుట్టూ ఉన్నట్టు. 12 మి.మీ.కు 5 శాతం తగ్గింపుతో కూడా 0.845 కిలోలు ఉండాలి కాబట్టి, నిలదీయాల్సిందే.

చదునైన చోట ఈ పని సాధ్యం కాదు. గృహజ్యోతి కింద సున్నా బిల్లు వచ్చిందంటే ఆ ఇంట్లో 20 యూనిట్లు కాలాయో 199 కాలాయో మొత్తాన్ని చూసి చెప్పలేం. ఎన్నో విలువలకు ఒకే జవాబు వచ్చినప్పుడు వెనక్కి దారి మూసుకుపోతుంది.

గుర్తుపట్టడం ఎలా?

గ్రాఫ్ గీయనక్కర్లేదు. నాలుగు ప్రశ్నలు చాలు.

మొదటిది: ఏది ఇస్తే ఏది వస్తోంది, ఒకే జవాబు వస్తోందా? రెండోది: ఇచ్చేది రెట్టింపు చేస్తే వచ్చేది ఎంతవుతుంది? రెండింతలైతే త్రైరాశికం సరిపోతుంది. నాలుగింతలైతే వర్గం. మూడోది: సమాన అడుగులు వేస్తే జవాబు సమాన మొత్తంలో మారుతోందా, సమాన నిష్పత్తిలో మారుతోందా? మొత్తమైతే సరళరేఖ, నిష్పత్తైతే చక్రవడ్డీ తరహా. నాలుగోది: హద్దుకు అటు ఒకటి, ఇటు ఒకటి వేసి చూస్తే ఏమవుతోంది? 200, 201. 9 గంటలు, 10 గంటలు. 15,000, 16,000. గెంతు, మలుపు, చదును మూడూ అక్కడే బయటపడతాయి.

ఈ నాలుగో ప్రశ్న ఒక్కటి అలవాటైతే, బిల్లు చేతికొచ్చాక ఆశ్చర్యపోవడానికి బదులు, పథకం ప్రకటించిన రోజే నిలదీయడం వీలవుతుంది.